పాత ఇటలీ స్కూటరు: దాని పోషణము, విడిభాగముల సంపాదనము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాధాపురము, కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము అను ప్రాంతములు గలవు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి గారు సైబర్ టవర్సు అను భవనమును ప్రారంభించినది మొదలు ఈ ప్రాంతము హైటెక్ సిటీ యను పేర దేశదేశముల ప్రసిద్ధి కెక్కినది. ఇచ్చటి మేడల క్రింది నేలమాళిగలలో క్రొత్త కార్ల వరుసల చివర, గోడవారగా, దుమ్ము కప్పుకొనిన పాత స్కూటరొకటి నిలిచియుండుట మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. అది సాధారణముగా ఆ యింటి తాతగారిది. బాలానగరములోనో, సనత్‌నగరములోనో, రామచంద్రాపురములోనో యున్న పెద్ద కర్మాగారములలో ఉద్యోగము చేసిన కాలమున, డబ్బు ముందుగా చెల్లించి, యేండ్ల తరబడి వేచియుండి, ఆయన దానిని సంపాదించెను. నేడు కుమారుడు కంప్యూటరు కంపెనీలో పనిచేయుచున్నాడు. ఆ బండిని ఉంచవలెనా, పాత యినుముగా తూకమునకు అమ్మివేయవలెనా యను ప్రశ్న ఆ యింట ఏటేట పుట్టుచుండును.

ఈ ప్రశ్నకు చాలమంది చెప్పు సమాధానమొక్కటే: “దీనికి సామాను దొరకదు.” ఈ మాట సగము నిజము. దొరకని సామానులు కొన్ని కలవు. కాని దొరకుచున్నను, ఏమని అడుగవలెనో తెలియక దొరకలేదని తలచెడి సామానులు అంతకంటె ఎక్కువ. యంత్రముయొక్క వంశమును, కొలతలను ఎరిగినవానికి అంగడి తెరచియుండును, ఎరుగనివానికి మూసియుండును. ఈ విషయమునే ఈ వ్యాసమున కొంత వివరింప దలచితిమి. పాత బండి గల యింటివారికిది ఉపయోగపడును. లేనివారికిని, ఒక యంత్రమును శ్రద్ధగా చూచుట యెట్లో దీనివలన తెలియును.

ముందుగా వంశమును గూర్చి చెప్పెదము. ఇటలీ దేశమున మోటారు సైకిళ్లను చేయు ప్రసిద్ధ సంస్థలు పెక్కు గలవు గాని, మన నగరమునకు ఇటలీనుండి వచ్చి స్థిరపడినది మోటారు సైకిలు కాదు, స్కూటరు. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఇటలీలో రోడ్లు చెడి, జనులు బీదలై, చౌకయైన వాహనమునకై ఎదురుచూచుచుండిరి. విమానములను చేయుచుండిన పియాజియో సంస్థ 1946లో వెస్పా అను బండిని వెలువరించెను. దానిని కల్పించిన కొర్రాదినో దస్కానియో గారు విమాన శాస్త్రమున ఆరితేరిన ఇంజనీరు. మరుసటి సంవత్సరము, 1947లో, మిలాను నగరమునందలి ఇన్నొచెంతి సంస్థ లాంబ్రెట్టా అను బండిని వెలువరించెను. మన దేశమునందలి పాత స్కూటర్లలో మిక్కిలి పెక్కు ఈ రెండు వంశములలో ఏదో యొకదానికి చెందినవే.

ఈ రెండింటికిని గల భేదమును కంటితోనే గుర్తింపవచ్చును. వెస్పాకు వేరుగా చట్రము లేదు; వంచి అతికిన ఇనుప రేకే దానికి ఒడలును, ఎముకయు. ఇంజను వెనుక చక్రమునకు కుడి ప్రక్కన వ్రేలాడుచుండును. లాంబ్రెట్టాకు లోపల గొట్టపు చట్రముండును. రేకులు దానిపై కప్పినవి మాత్రమే. ఇంజను నడుమ నుండి, శక్తి గొలుసు ద్వారా వెనుకకు పోవును. ఈ భేదము పోషణలో చాల ముఖ్యము. లాంబ్రెట్టా ప్రక్క రేకు త్రుప్పు పట్టినచో అందము చెడును. వెస్పా నేల రేకు త్రుప్పు పట్టినచో బలమే చెడును. కాబట్టి మెరయుచున్న క్రొత్త రంగును చూచి పాత వెస్పాను కొనువారు, ముందుగా ఒక చిన్న అయస్కాంతమును కాళ్లు పెట్టుకొను నేలపై అంతటను ఆనించి చూడవలెను. అది అంటని చోట రంగు క్రింద ఇనుము లేదు, లప్పము కలదని గ్రహింపవలెను.

ఈ వంశములు మన దేశమున వేరూనిన విధమిది. లాంబ్రెట్టాను బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రోడక్ట్సు ఆఫ్ ఇండియా వారు తయారుచేసిరి. ఇటలీలో ఇన్నొచెంతి వారు 1971లో ఆ బండిని మానివేయగా, 1972లో స్థాపింపబడిన మన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా వారు ఆ యంత్ర సామగ్రిని కొని లక్నో నగరమునకు తెచ్చి, విజయ్ సూపర్ అను పేర బండ్లను చేసిరి. మన హైదరాబాదున ఆల్విన్ పుష్పక్ అను పేర వచ్చిన స్కూటరును ఈ వంశమునదే. ఇక వెస్పాను 1960 ప్రాంతమునుండి బజాజ్ వారు పియాజియో అనుమతితో తయారుచేసిరి. 1971లో ఆ యొప్పందము ముగిసిన పిమ్మట, 1972నుండి చేతక్ అను పేర అదే వంశపు బండిని తామే చేసి దేశమంతట నింపిరి. 1980 దశాబ్దమున పియాజియో వారు మరల మన దేశమున ఇద్దరితో ఒప్పందము చేసికొనిరి. ఒకరు కాన్పూరునందలి ఎల్.ఎమ్.ఎల్. వారు, మరియొకరు మన ఆంధ్ర ప్రదేశ్ స్కూటర్స్ వారు. వీరు చేసిన వెస్పా పి.ఎల్. 170 అను బండి నేటికిని మన వీథులలో అరుదుగా కనబడుచుండును.

ఈ సంస్థలలో పెక్కు నేడు లేవు. ఎల్.ఎమ్.ఎల్. మూతపడినది. స్కూటర్స్ ఇండియాను మూసివేయుటకు కేంద్ర ప్రభుత్వము 2021లో నిర్ణయించెను. బజాజ్ వారు చేతక్ అను పేరును ఇప్పుడు విద్యుత్తుతో నడచు బండికి పెట్టినారు. కాని కర్మాగారము మూతపడినంత మాత్రమున విడిభాగములు మాయము కావు. లక్షలకొలది బండ్లు నడచిన దేశమున వాని పిస్టన్లను, కేబుళ్లను, క్లచ్చి పలకలను, రబ్బరు సామానులను చేయు చిన్న కర్మశాలలు వందలుగా పుట్టినవి. వానిలో పెక్కు నేటికిని పనిచేయుచున్నవి. ఇటలీవారు విడిచిపెట్టిన బండికి కావలసిన సామానులు ఇక్కడినుండి యూరపునకు ఎగుమతి యగుచున్నవి! తాతగారి బండికి సామాను దొరకదనుకొను మనవడు ఈ సంగతిని గమనింపవలెను.

అయితే వంశము ఒక్కటైనను అన్ని సామానులును ఒండొంటికి సరిపోవు. ఇచ్చటనే కొలత అక్కరకు వచ్చును. విద్యార్థులు గణితమున నేర్చిన స్తూపము ఘనపరిమాణ సూత్రము ఇచ్చట పనికివచ్చును. పాత వెస్పా 150లో సిలిండరు వ్యాసము 57 మిల్లీమీటర్లు, పిస్టను నడచు దూరమును 57 మిల్లీమీటర్లే. లెక్క కట్టినచో 145.45 ఘన సెంటీమీటర్లు వచ్చును. తరువాత వచ్చిన వెస్పా పి.ఎక్స్. 150లో వ్యాసము 57.8 మిల్లీమీటర్లు, లెక్క 149.56 ఘన సెంటీమీటర్లు. లాంబ్రెట్టా ఎల్.ఐ. 150లో వ్యాసము మరల 57 మిల్లీమీటర్లే గాని, నడక 58; లెక్క 148. మూడింటిని అంగడివారు “నూటయేబది బండి” అనియే పిలుతురు. “నూటయేబదికి పిస్టను ఇమ్ము” అని అడిగినవానికి ఈ మూడింటిలో ఏది చేతికి వచ్చునో చెప్పజాలము. 57 మిల్లీమీటర్ల సిలిండరులో 57.8 మిల్లీమీటర్ల పిస్టను దూరదు. దూరదు గనుక అపాయము లేదు. వ్యాసము సరిపోయియు తక్కిన రూపము సరిపోనిదే అపాయకరము. వెస్పా పిస్టనును లాంబ్రెట్టా పిస్టనును ప్రక్క ప్రక్కన నిలిపి చూచినచో వాని పక్కల కోతలును, పిన్ను రంధ్రపు స్థానమును వేరుగా నుండును. కావున పేరునుబట్టి కాక, కొలతనుబట్టి, రూపమునుబట్టి కొనవలెను.

ఇందుకు మూడు నియమములను చెప్పెదము. మొదటిది: బండి చట్రముపైనను, ఇంజనుపైనను చెక్కియున్న సంఖ్యలను, వానికి ముందున్న అక్షరములతో గూడ ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. ఆ అక్షరములే బండియొక్క రకమును తెలుపును. ఉదాహరణకు వి.బి.బి. అను అక్షరములు గలది 1960 దశాబ్దపు వెస్పా 150. ఒక బండి చట్రమునకు వేరొక బండి ఇంజను ఎక్కించుట మన దేశమున సాధారణము. కావున రెండు సంఖ్యలును చూడక ఏ సామానును కొనరాదు.

రెండవది: అరిగిన భాగమును పారవేయరాదు. క్రొత్తది బిగించి, బండి నడచి, నెలదినములు గడచువరకు పాతదానిని గుడ్డలో చుట్టి, పేరు వ్రాసి దాచవలెను. అంగడికి పోవునప్పుడు దానిని చేతిలో తీసికొని పోవలెను. నోటితో చెప్పిన వర్ణన కంటె చేతిలోని పాత ముక్క నూరు రెట్లు స్పష్టముగా మాటలాడును. ఎచ్చటను దొరకనిచో లేతు పనివానికి ఆ ముక్కయే మాతృక యగును.

మూడవది: సర్వసాధారణ సామానులకును, బండికి ప్రత్యేకమైన సామానులకును గల భేదమును తెలిసికొనవలెను. బేరింగులపై సంఖ్య చెక్కియుండును. ఆ సంఖ్య ప్రపంచమంతటను ఒక్కటే. 6204 అని యున్నచో లోపలి వ్యాసము 20, వెలుపలి వ్యాసము 47, మందము 14 మిల్లీమీటర్లు. అది ఏ యంత్రమునకు చేసినదైనను సరే. ఆయిల్ సీళ్లకును మూడు కొలతలుండును. ఇట్టివానిని స్కూటరు అంగడిలోనే వెదకనక్కరలేదు. బేరింగుల అంగడిలో మంచి రకము దొరకును. మరల విని యందు సామాన్యమువలె కనబడి ప్రత్యేకమైనవి కొన్ని కలవు. ఇటలీ స్కూటర్లలో 7 మిల్లీమీటర్ల మర బోల్టులు పెక్కుచోట్ల వాడబడినవి. తక్కిన బండ్లలో 6యు, 8యు వాడుదురు గాని 7 అరుదు. అది దొరకలేదని కొందరు పనివారు రంధ్రమును పెద్దదిచేసి 8 మిల్లీమీటర్ల బోల్టును బిగింతురు. అల్యూమినియము మెత్తని లోహము. ఒకసారి చెడిన మర తిరిగి రాదు. ఒక్క బోల్టునకై ఒక దినము వెదకుట మేలు గాని, ఇంజను పెట్టెను పాడుచేయుట మేలు కాదు.

ఇక ఎచ్చట వెదకవలెను? హైటెక్ సిటీ ప్రాంతమున కోట్ల రూపాయల కార్లను అమ్ము దుకాణములున్నవి గాని, పాత స్కూటరు క్లచ్చి పలకను అమ్ము దుకాణమును కనుగొనుట కష్టము. దానికై పాత నగరము వైపు పోవలెను. కోఠికి సమీపమున పుత్లీబౌలి, జాంబాగు ప్రాంతములలో ద్విచక్ర వాహనముల సామాను దుకాణములు వరుసలుగా నున్నవి. సికింద్రాబాదున రాణీగంజి యంత్ర సామగ్రికి పేరు పొందినది. బాలానగరములో లేతు పనిచేయు చిన్న కర్మశాలలు పెక్కు గలవు. సిలిండరును నున్నగా కోయుటకును, అరిగిన ఇరుసును తిరిగి చేయుటకును అచ్చటికి పోవలెను. బండిని నడిపించుకొని పోనక్కరలేదు. హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో రైలు ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగినచో కోఠి ప్రాంతము చేరవచ్చును. చేసంచిలో పాత ముక్కయు, సంఖ్యల పుస్తకమును ఉండిన చాలును.

అంగడిలో మూడు రకముల సామాను కనబడును: పూర్వము కంపెనీవారు చేసి అమ్ముడుపోక మిగిలినది, ఇప్పటి కర్మశాలలలో చేసినది, పాత బండ్లను విప్పగా వచ్చినది. మొదటిది ఉత్తమమని సాధారణముగా తలతురు. ఇనుప సామాను విషయమున అది నిజమే. కాని రబ్బరు సామాను ముప్పది యేండ్లు పొట్లములో నున్నను ముసలిదగును. గోటితో నొక్కి చూచి, గట్టిపడినచో వదలివేయవలెను. రెండవ రకమున మంచి చెడ్డలు రెండును కలవు. మూడవ రకమును కొనునప్పుడు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. రసీదు ఇయ్యనివాని యొద్ద ఇంజనును గాని, సంఖ్య గీకివేయబడిన భాగమును గాని ఎంత చౌకయైనను కొనరాదు. దొంగిలింపబడిన బండి ముక్కను కొనుట దొంగతనమునకు పెట్టుబడి పెట్టుట యగును. ఒక యింటి బండిని బ్రదికించుటకై మరియొక యింటి బండిని చంపుట ధర్మము కాదు. చట్టమును దానిని క్షమింపదు.

సామాను సంపాదించుటకంటె, దాని యవసరము రాకుండ చూచుకొనుట సులభము. ఇందుకు ఇంజను పనిచేయు విధమును కొంచెము తెలిసికొనవలెను. ఈ పాత స్కూటర్ల ఇంజను రెండు స్ట్రోకులది. పిస్టను పైకి పోవునప్పుడు దాని క్రిందనున్న పెట్టెలోనికి పెట్రోలును గాలియు కలిసిన ఆవిరి పీల్చబడును; క్రిందికి వచ్చునప్పుడు ఆ ఆవిరి నొక్కబడి పిస్టను పై భాగమునకు చేరును. ఆ పెట్టెలో వేరుగా నూనె నింపియుండదు. పెట్రోలులో కలిపిన నూనెయే బేరింగులను, పిస్టనును తడుపును. నూనె తక్కువైనచో పిస్టను వేడెక్కి ఉబ్బి సిలిండరులో బిగిసికొనిపోవును. నడచుచుండగా ఇట్లు జరిగినచో వెనుక చక్రము ఆగిపోయి బండి పడును. అట్టి సమయమున వెంటనే క్లచ్చిని పట్టుకొనవలెనని స్కూటరు నడుపు ప్రతివానికిని నేర్పవలెను.

నూనె పాలు బండినిబట్టి మారును. 1950 దశాబ్దపు పాత ఇంజన్లకు నూటికి 5 పాళ్లు, తరువాత వచ్చిన రోటరీ వాల్వు వెస్పా ఇంజన్లకు నూటికి 2 పాళ్లు కలుపవలెను. అనగా రెండవ రకమునకు లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల నూనె. కంటి అంచనాతో పోయక, మందు సీసాతో వచ్చు కొలత మూతను వాడుట మేలు.

ఆ పెట్టెకు రెండు వైపుల ఆయిల్ సీళ్లుండును. ఇవి కొద్ది రూపాయల వస్తువులే గాని ఇంజను ప్రాణము వీనిపై ఆధారపడియుండును. ఫ్లైవీలు వైపు సీలు చెడినచో అచ్చటినుండి వట్టి గాలి లోనికి పోవును. నూనె గల ఆవిరి పలుచబడి, బండి ఊరక నిలిచియున్నప్పుడు కూడ వేగము తనంతట హెచ్చును, ఇంజను మితిమీరి కాగును. క్లచ్చి వైపు సీలు చెడినచో గేరుపెట్టెలోని నూనె పీల్చబడి తెల్లని దట్టమైన పొగ వచ్చును. పొగను చూచి పిస్టను మార్చవలెనని తొందరపడక, ముందుగా గేరు నూనె తగ్గుచున్నదేమో చూడవలెను. రోగము తెలియక ఇచ్చిన మందువలె, కారణము తెలియక మార్చిన సామాను ధనమును వృథాచేయును.

నెలకొకసారి చేయదగిన పనులు కొన్ని గలవు. ప్లగ్గును విప్పి చూడవలెను: కొన లేత గోధుమ రంగున నున్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నది, నల్లగా మసి పట్టినచో పెట్రోలు ఎక్కువగా పోవుచున్నది, తెల్లగా నున్నచో తక్కువగా పోవుచున్నది, లేదా గాలి దూరుచున్నది. ప్లగ్గు ఎడము 0.6 మిల్లీమీటర్లుండవలెను. వెస్పా పాయింట్ల ఎడము 0.3 మొదలు 0.5 మిల్లీమీటర్ల వరకు. గేరు, క్లచ్చి, బ్రేకు కేబుళ్లలో ఒక్క తీగ తెగినట్లు కనబడినను మార్చివేయవలెను; ఒక క్రొత్త క్లచ్చి కేబులును డిక్కీలో ఎప్పుడును ఉంచుకొనవలెను. ఇంజనును చల్లార్చు గాలి రేకును విప్పి పారవేయుట కొందరి అలవాటు. ఈ ఇంజన్లు ఎదురుగాలితో గాక, ఫ్లైవీలునకు గల రెక్కల గాలితో చల్లబడునట్లు చేయబడినవి. రేకు లేనిచో ఆ గాలి సిలిండరును చేరదు. మాధాపురమునుండి గచ్చిబౌలికి సాయంకాలపు రద్దీలో అంగుళ మంగుళము జరుగు బండికి ఈ రేకు ప్రాణరక్షకము.

నేటి పెట్రోలును గూర్చియు ఒక మాట చెప్పవలెను. 2023నుండి మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చి, క్రమముగా అంతటను వ్యాపించినది. చెరకు మొదలగు పంటలనుండి వచ్చు ఇథనాలు దేశమునకు మేలు చేయునదే గాని, పాత బండి దానికై చేయబడినది కాదు. పాతకాలపు రబ్బరు గొట్టములను, బెండు వాషర్లను అది మెత్తపరచి చెరచును. మరియు నది గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు మితిమీరినప్పుడు ఇథనాలుతో గూడి వేరుపడి టాంకు అడుగునకు చేరును. పెట్రోలు కుళాయి అడుగునుండియే తీసికొనును గదా! కావున మూడు పనులు చేయవలెను: ఇథనాలును తట్టుకొను రకపు గొట్టములను, వాషర్లను వేయించవలెను, వారముల తరబడి నడపనిచో టాంకును, కార్బురేటరును ఖాళీ చేయవలెను, వర్షాకాలమున టాంకు మూత వాషరు బిగువుగా నున్నదో లేదో చూడవలెను. నేలమాళిగలో వాననీరు నిలిచినప్పుడు మునిగిన బండిని కిక్కు కొట్టి చూచుట తగదు. ముందు ప్లగ్గు విప్పి, నీరు వెడలగొట్టి, నూనె మార్చవలెను.

బ్రేకుల విషయమున పాతదనమును గౌరవింప నక్కరలేదు. ఎనిమిది, పది అంగుళముల చిన్న చక్రములు గుంతలలో సులభముగా పడును. డ్రమ్ము బ్రేకులు నేటి బండ్ల బ్రేకులవలె వెంటనే నిలుపవు. ఆరు వోల్టుల దీపము మసకగా వెలుగును. కాబట్టి టైర్లు, బ్రేకు లైనింగులు, బల్బులు క్రొత్తవియే యుండవలెను. వేగముగా పోవు పెద్ద రోడ్డులపై ముందరి బండికి తగినంత దూరమున నుండవలెను. రాత్రి వేళ ఆ రోడ్డులపై పోకుండుట ఉత్తమము.

చట్టమును గూర్చి తెలియనివారు మంచి బండిని కూడ భయముచేత అమ్మివేయుచున్నారు. ద్విచక్ర వాహనముల రిజిస్ట్రేషను మొదట 15 సంవత్సరములకు ఇయ్యబడును. పిమ్మట బండిని తనిఖీ చేయించి 5 సంవత్సరముల కొకసారి పునరుద్ధరించుకొనవచ్చును. 2021 జూలై నెలలో కేంద్ర ప్రభుత్వము వింటేజి వాహనములకు ప్రత్యేక నియమములను ప్రకటించెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటిన బండికి, దాని చట్రమును, ఒడలును, ఇంజనును మార్పు చెందక యున్నచో, 20,000 రూపాయల రుసుముతో 10 సంవత్సరములకు ఈ రిజిస్ట్రేషను లభించును. కాని అట్టి బండిని దినదినము పనికి వాడరాదు. ప్రదర్శనలకును, ఉత్సవ యాత్రలకును, పెట్రోలు పోయించుటకును, మరమ్మతునకును మాత్రమే నడుపవలెను. కావున ప్రతిదినము నడుపదలచినవారు సాధారణ రిజిస్ట్రేషనునే నిలుపుకొనుట మేలు. రెండింటికిని ముఖ్యమైనది చట్రముపైని సంఖ్య. రంగు వేయించునప్పుడు దానిని గీకనీయరాదు, లప్పముతో పూడ్చనీయరాదు. బండి మరణించిన పెద్దవారి పేరనే యున్నచో వారసుల పేరనకు మార్పించుకొనవలెను.

ఇంత శ్రమ యెందుకని కొందరడుగవచ్చును. నిజమే. పాత బండులన్నియు నిలుపదగినవి కావు. చట్రము పుచ్చి, సంఖ్య పోయి, కాగితములు లేక యున్నదానిని మానుటయే మంచిది. దాని మంచి భాగములు మరియొక బండిని బ్రదికించును. కాని చట్రము గట్టిగా నుండి, కాగితములు సరిగా నున్న బండిని, సామాను దొరకదను వినికిడి మాటచే తూకమునకు అమ్మివేయుట తొందరపాటు.

మరియొక సంగతి గలదు. చప్పుడును విని రోగమును చెప్పగల మిస్త్రీలు మన నగరమున నేడు ముసలివారగుచున్నారు. వారి విద్య పుస్తకములలో లేదు. వారి చెవులలోను, వ్రేళ్లలోను ఉన్నది. వారి పిల్లలు ఆ పని నేర్చుకొనుట లేదు. అందుకు వారిని తప్పు పట్టజాలము. విడిభాగమును లేతుపై తిరిగి చేయించుకొనవచ్చును గాని, పోయిన విద్యను చేయించుకొన జాలము. తెరపై అక్షరములను వ్రాసి యంత్రములను నడుపు ఈ హైటెక్ ప్రాంతమున, ఒక మర ఎంత బిగింపవలెనో చేతితో తెలిసికొనగలవారు కొందరైనను ఉండవలెను.

కావున విద్యార్థులారా, మీ యింట అట్టి బండి యున్నచో ఈ సెలవులలో దానిని తుడిచి, చట్రముపైని సంఖ్యను, ఇంజనుపైని సంఖ్యను వ్రాసికొనుడు. మీ తాతగారిని ప్రక్కన కూర్చుండబెట్టి, దానిని ఎప్పుడు కొనిరో, ఏ భాగము ఎప్పుడు మార్చిరో అడిగి తేదీలతో ఆ పుస్తకముననే వ్రాయుడు. ఒక మంచి మిస్త్రీ యొద్దకు పోయినప్పుడు బండిని అప్పగించి వెడలిపోక, ఆయన చేయుచున్న పనిని నిలిచి చూడుడు. మర్యాదతో అడిగినచో ఆయన సంతోషముతో చెప్పును. బండి నడచినను నడవకున్నను ఆ పుస్తకము మీకు మిగులును. నడచినచో, మీ పిమ్మటివారు దానికి సామాను దొరకదని యనకుందురు.